పరుపుల ఖాదర్ వలి బద్ధకం

గిద్దలూరులో పరుపుల ఖాదర్ వలి గురించి ఒక మాట తిరుగుతోంది. స్విచ్చు వేయడానికి బద్ధకమేసి అతను దూది ఏకే మిషన్ నడపడమే మానేశాడట. ఆ మాటకు జనం కాళ్ళూ చేతులూ అతికించారు. స్విచ్చు వేయడానికి కూలిమనిషిని వెతికాడట. మనిషి దొరికాడు గానీ, అతన్ని కేకేసి పిలవడానికి ఇంకో మనిషి కావాలట.

విన్నవాళ్ళెవరూ కాదనలేదు. ఖాదర్ వలి నిలబడి ఉండగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. కుట్టిన పరుపులు దొంతరగా పేర్చి, ఆ దొంతర మీద పడుకునే బేరాలు చేస్తాడు. "పరుపు మెత్తగుంటాదా?" అని ఎవరైనా అడిగితే, "నన్ను చూస్తే తెలియడంలా?" అంటాడు.

అతనికి దిండు గలీబులు కుట్టిచ్చే మహేశ్వరికి మాత్రం ఈ మాట నవ్వులాట కాలేదు. ఆమె కాపాడిన కుక్క అతని దగ్గరే ఉంది మరి.

వానల్లో రాచర్ల రోడ్డు పక్క తూములో ఇరుక్కుని ఉంటే ఆమే బయటికి తీసింది. ఏడాది నిండని ఆడకుక్క. కరవదు, మొరగదు. ఎవరైనా చెయ్యి చాపితే చెవులతో సహా నేలకు అతుక్కుపోతుంది. ఇంటికి తెచ్చిన రోజు మంచం కింద దూరింది, ఇక అదే దాని ఇల్లయింది.

"దొంగొస్తే ఇది మనల్ని కాపాడేది లేదు, మనమే పోయి దీన్ని కాపాడాల," అన్నాడు మహేశ్వరి నాయన. "దసరా లోపల ఎవరికన్నా ఇస్తే ఇయ్యి. లేకుంటే నంద్యాల లారీలో ఏసి ఘాట్‌లో దింపిస్తా."

ఘాట్ అడవిలో చిరుతలున్నాయి. ఆ సంగతి నాయనకూ తెలుసు. అందుకే కూతురి మొహం చూడకుండా అన్నాడు.

ఓపికున్న ఇల్లు కావాలని మహేశ్వరి పదిమందినీ అడిగింది. ఓపిక లేదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. "ఇన్నేండ్లు మార్కాపురం బస్సులో జనాన్ని భరించినోణ్ణి. ఓపిక గురించి నాకే చెప్తావా పాపా?" అని రిటైరైన కండక్టర్ కాటమరాజు ముందుకొచ్చాడు. అన్నం పెట్టి, అలవాటు కొద్దీ విజిల్ ఊదాడు. కుక్క నీళ్ళ డ్రమ్ము వెనక నక్కింది. ఇంకా గట్టిగా ఊదాడు. "విజిలేస్తే బస్సే ఆగుతాది, దీనికేందంత పొగరు!" అని తెచ్చి అప్పగించాడు.

తర్వాత తీసుకుపోయిన నర్సు కేథరిన్‌కు ప్రేమ ఎక్కువ. ఒళ్ళో పెట్టుకుంది, ముద్దులు పెట్టింది, వీధి పిల్లలందర్నీ పిలిచి నిమిరించింది. కుక్క తిండి మానేసింది. "ఇంత ప్రేమిస్తే దీనికి మనసే లేదే మహేశ్వరీ," అని కళ్ళు తుడుచుకుంటూ తిరిగి తెచ్చింది.

దసరా దగ్గరపడింది. ఇంట్లో వదిలితే నాయన ఏం చేస్తాడోనని మహేశ్వరి కుక్కను వెంటబెట్టుకునే గలీబులు ఇవ్వడానికి వెళ్ళింది. దుకాణంలో అడుగుపెట్టగానే అది తాడు విడిపించుకుని పరుపుల దొంతర వేసిన బల్ల కిందకి దూరింది. ఆమె మోకాళ్ళ మీద వంగి తాడు అందుకోబోయింది.

"లాగొద్దులే," అన్నాడు ఖాదర్ వలి పైనుంచి.

"ఇంటికి తీసకపోవాల గదన్నా."

"తీసకపోయి?"

ఆమె ఘాట్ సంగతి చెప్పింది. అతను చాలాసేపు ఆలోచించాడు, లేదా కునుకు తీశాడు.

"ఈడే ఉండనీ."

"ఎప్పుడు బయటికొస్తాదో తెలీదన్నా."

"నాకేమన్నా రైలుకు టైమయితాందా?"

టీ తెచ్చిన అతని భార్య మున్నీకి ఈ ఏర్పాటు నచ్చలేదు. "కుక్కున్న ఇంట్లోకి అల్లా పంపే ఫరిష్తాలు రారు, తెలుసునా?"

"ఇల్లు కాదు గదే, దుకాణం. ఫరిష్తాలు పరుపులు కొనేదానికొస్తారా?"

"పేరేం పెడతావన్నా?" అంది మహేశ్వరి.

"పేరు పెడితే పిలవాల. పిలిస్తే అది రావాల. ఇద్దరికీ పనే."

తను వెతికింది ఓపిక, దొరికింది బద్ధకం అనుకుంటూ మహేశ్వరి ఇల్లు చేరింది. అయినా గలీబుల వంకతో వెళ్ళి చూస్తూనే ఉంది. అతను కుక్కను పిలవలేదు, నిమరలేదు, దాని వైపు సరిగ్గా చూడను కూడా లేదు. తన రొట్టెలో సగం చేత్తో కిందికి జారవిడిచి, ఆ చెయ్యి ఎత్తుకోవడం కూడా మరిచిపోయినట్టు అలాగే వేలాడేసేవాడు. మొదట బల్ల కింద నుంచి మూతి వచ్చింది. కొన్నాళ్ళకు ముందు కాళ్ళు వచ్చాయి. ఒక మధ్యాహ్నం కుక్క మొత్తం వచ్చి ఆ చేతిని వాసన చూసింది. చెయ్యి కదల్లేదు. కుక్క దాని కిందే పడుకుంది.

అంతా బాగుందనుకునేసరికి ఆ మాట మొదలైంది. కొత్తింటికి పరుపులు చెప్పిన స్వర్ణలత, జాకెట్టు కొలతలిస్తూ మహేశ్వరి చెవిన వేసింది.

"మిషన్ చప్పుడే లేదు పాపా. దుకాణం మూసేటట్టుండాడు. వాళ్ళకే గడవకుంటే నీ కుక్కకేం పెడతారు?"

మహేశ్వరి కొలత టేపు మెడలో ఉండగానే బయలుదేరింది. దుకాణం మూస్తే కుక్క ఇంటికి రావాలి. నాయన మాట మారలేదు.

కుక్క గడప మీద ఎండలో పడుకుని ఉంది. ఆమెను చూసి లేవలేదు, తోక ఒకసారి నేలకు కొట్టింది. లోపల మిషన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. పట్టపగలు ఖాదర్ వలి దొంతర మీద నిద్రపోతున్నాడు. మున్నీ పరుపు కుడుతోంది.

"వదినా, మిషన్ నిజంగానే ఆపేసినారా?"

"ఆపకుంటే ఏం చేసేది? స్విచ్చేస్తే చాలు, నీ కుక్క గోడకేసి తల కొట్టుకుంటాది. పొద్దుగూకేదాకా నీళ్ళు గూడా ముట్టదు. మూసేయి మిషన్ అన్నాడు మా మారాజు."

"దుకాణం గూడా మూస్తారా?"

"యాడ మూసేది? స్వర్ణలతక్కవే కుడతాండా, చూడు." మున్నీ సూది ఆపి మొగుడి వైపు గుర్రుగా చూసింది. "సంబంధం చూసేదానికి మా ఇంటికి రమ్మంటే, ఎండగుందని తమ్ముణ్ణి పంపిన మనిషి ఈయన. నాకు చెయ్యని చాకిరీ కుక్కకు చేస్తాండాడు!"

"మీకు కష్టమైతే తీసకపోతా వదినా," అంది మహేశ్వరి.

"మున్నీ, ఆ పిల్లకు టీ ఇచ్చి పంపు," అన్నాడు ఖాదర్ వలి కళ్ళు తెరవకుండానే. "కుక్క యాడికీ పోదు."

గిద్దలూరులో మాటలు టీ కొట్ల దగ్గర పుడతాయి. టీ కొట్లు తెరవకముందే, తెల్లవారుజాము నమాజు కాగానే, ఖాదర్ వలి దూది మూట నెత్తిన పెట్టుకుని రైల్వే గేటు అవతల బామ్మర్ది వాజిద్ మిషన్ దాకా నడిచిపోతాడు. ఏకిన దూది మళ్ళీ నెత్తినే మోసుకొస్తాడు.