సన్‌రూఫ్ కారుకు బోరు నీళ్ల స్నానం

ట్రాక్టరును కడిగినట్టు ఖరీదైన కారును కడిగితే ఏమవుతుందో తెలుసుకోవాలనే సరదా మీకుంటే, దయచేసి కడగకండి, నన్ను అడగండి. ఆ ఒక్క స్నానంతో నేను కారునూ పోగొట్టుకున్నాను, మా ఆవిడ ఆవునూ పోగొట్టుకున్నాను. కారు సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆవు గుర్తొస్తే రాదు.

మాది హోసూరు దగ్గర బేరిగై. ఆ ఏడు క్యాబేజీకి మంచి ధర పలికి నా తల కాస్త తిరిగింది. హోసూరులో పాత కార్లు అమ్మే చోట పన్నెండేళ్ల విదేశీ కారొకటి కనబడింది. ఒక మీట నొక్కితే పైకప్పు తెరుచుకుంది. ఇంకో మీట నొక్కితే సీటు మర్దన చేసినట్టు నా నడుము పట్టింది. కొత్తదైతే అరకోటి, ఇప్పుడు చిన్నకారు ధరకే వస్తుందని, ఎప్పుడు అమ్మినా రూపాయి తగ్గదని అమ్మేవాడు చెప్పాడు. మరి అరకోటి నుంచి ఇంతకెలా దిగిందని నేను అడగాలా వద్దా? సీటు నడుము పడుతుంటే ఎవరికి గుర్తొస్తుందండీ!

తక్కువ పడిన డబ్బు కోసం, మా ఆవిడ మునెమ్మ దూడప్పటి నుంచి సాకిన సీమావును డెంకణికోట రైతుకు అమ్మాను. ఆరు నెలల్లో అదే ధర తెస్తే ఆవును తిరిగిస్తానని ఆయన మాటిచ్చాడు. అంతలోపే కారు లాభానికి అమ్మి నీ ఆవును తోలుకొస్తానని నేను మునెమ్మకు మాటిచ్చాను. ఆమె ఆవుకు చారెడు తవుడు పెట్టి లోపలికి పోయింది.

కారు మా ఊరి దారిలో అడుగడుగునా పొట్ట గీసుకునేది. లైటు పోతే సామాను బెంగుళూరు నుంచి రావాలనేవారు. ఐదో నెలలో అమ్మకానికి పెట్టాను. వచ్చినవాళ్లంతా కూర్చుని, నడుము పట్టించుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు. గడువు ఇంకో వారం ఉందనగా, కృష్ణగిరి మామిడి మండీ ఆయన ఫోనులోనే ధర ఒప్పుకున్నాడు. పొద్దున్నే డబ్బుతో వస్తానన్నాడు.

మా వైపు ఏది అమ్మినా, ఎద్దయినా బండయినా, శుభ్రంగా కడిగి పసుపు కుంకుమ పెట్టే అప్పగిస్తాం. కారును బోరు దగ్గరికి తోలి, మోటారు వేసి, బానెట్ ఎత్తి ఇంజనుకు పైపు పట్టాను. లోపలి దుమ్ము కూడా పోవాలని పైకప్పు తెరిచి అందులోకీ పట్టాను.

మునెమ్మ తోటలోంచి చూసి, "ఏమప్పా, దాంట్లో అంతా వైర్లుంటాయంట గదా, నీళ్లు పట్టేది చాలించరాదా?" అంది.

"ఇరవై ఏండ్లుగా ట్రాక్టరు కడగతా ఉండాను. నువ్వు నాకు నేర్పిస్తావా?" అన్నాను.

మరునాడు మండీ ఆయన వచ్చి కూర్చున్నాడు. బండి స్టార్టయింది. ఆనందించే లోపే తలుపులు లాకయ్యాయి. సీటు దానంతటదే ముందుకు జరుగుతూ ఆయన పొట్టను స్టీరింగుకు అదిమి, నడుము పట్టడం మొదలెట్టింది. పైకప్పు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా ఆయన మాట వినిపించేది.

"ఏమప్పా, దీన్ని నిలిపేది యాడ?"

"నాకూ తెలీదన్నా," అన్నాను.

చివరికి బ్యాటరీ వైరు పీకితే కప్పు తెరుచుకునే ఆగింది. నేనో చెయ్యి, మునెమ్మో చెయ్యి పట్టి ఆయన్ను పైనుంచి లాగాం. ఆయన పంచె దులుపుకుని, "నా నడుము నొప్పయితే పోయిందప్పా. కారు మాత్రం నాకొద్దు," అని బస్సెక్కాడు.

కారు పాత ఇనుము ధరకు పోయింది. ఆ డబ్బుతో గడువు రోజున డెంకణికోటకు పోయాం. మునెమ్మ గొంతు వినగానే ఆవు పలుపు తెంచుకునేంత పని చేసింది. తెచ్చిన డబ్బు ఆవు ధరలో సగం కూడా లేదని రైతు తల అడ్డంగా ఊపాడు. తిరుగు బస్సులో మునెమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు నాకు కలిగినంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చి స్నానం చేసి, దీపం ముందు నిలబడి, ఇక జన్మలో ఆవునమ్మి కారు కొననని ఒట్టేసుకున్నాను. ఈనాటి వరకు ఆ ఒట్టు తప్పలేదు. తప్పుదామన్నా, అమ్మడానికి ఇంట్లో ఆవు లేదు.