బండతాబేలు మీద నిప్పుదెబ్బ

తడి గోనెగుడ్డలో చుట్టిన మునక్కాడల కట్టను రవీందర్ రెండు చేతులతో పట్టుకుని మైకు ముందు ఒక్క మెలి తిప్పాడు. పటపటమని ఎముకలు విరిగిన చప్పుడు. ఆ వెంటనే ఎండు కొబ్బరిమట్టను మోకాలికేసి విరిచాడు. నిప్పుదెబ్బకు చెట్టుజాతి మృగం ఒకటి నడుము విరిగి చచ్చింది.

"పాపం, ప్రాణం పోయిందండీ," అంది అద్దం అవతల కూర్చున్న హర్షిణి. "ఇది ఓకే. ఇక మిగిలింది మన తాబేలే."

ఆ మాటకు రవీందర్ మొహం ముడుచుకుంది.

రాయదుర్గం మెట్రో వెనక వీధిలో ఒక మేడ మీద ఉంది ఆ ఆఫీసు. మృగాలు కొట్టుకు చచ్చే ఫోన్ ఆట తయారుచేస్తారు. ఆటలో ప్రతి మృగానికీ ఒక జాతి. నీళ్లది కొడితే నిప్పుదానికి రెట్టింపు దెబ్బ. నిప్పుది కొడితే చెట్టు బూడిద. కానీ నిప్పు రాయిని కొడితే రాయికి ఏమీ కాదు. ఏ దెబ్బ ఎంత తగిలిందో ఆడేవాడికి చెవితోనే తెలియాలి. ఆ నియమాలు అల్లింది హర్షిణి. వాటికి చప్పుళ్లు చేసేవాడు రవీందర్. గోడలకు చెక్క బిగించడానికి వచ్చిన వడ్రంగి, చూసి, చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి పని నేర్చుకుని ఆ గదిలోనే ఉండిపోయాడు.

నిప్పుతొండ బండతాబేలును కొట్టే చప్పుడు ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఆడి చూసే కుర్రాళ్లు కళ్లు మూసుకుని విని, రెండుసార్లూ తాబేలు చచ్చిందనే అన్నారు. ఈ పూట కూడా అలాగే అంటే చప్పుళ్ల పని మొత్తం బెంగళూరు వాళ్లకు పోతుంది. ఆ సంగతి హర్షిణి దాచకుండా చెప్పేసింది.

తప్పు ఎక్కడుందో రవీందర్‌కు తెలుసు. అతని చేతులు చిన్నప్పుడు చూసినదాని దారే పట్టాయి. తండ్రి ఐలయ్య ఈ చుట్టుపక్కల గుట్టల మీదే బండలు కొట్టి బతికాడు. బండ చుట్టూ పాత టైర్లు పేర్చి కాల్చేవాడు. కాలిన బండ లోపల్లోపల మూలిగేది, ఆ పైన సమ్మెట పడగానే నిలువునా పగిలేది. ఒకసారి సమ్మెట ఎత్తకముందే పగిలింది. అరచేయంత పెళ్ల వచ్చి ఐలయ్య దవడను చీల్చింది. ఆ మనిషి నోట్లోంచి పళ్లు, నెత్తురు కలిసి వేడి రాయి మీద పడి చుర్రుమన్నాయి. అది కళ్లారా చూసినవాడు రవీందర్. నిప్పు ముందు రాయి ఓడిపోతుందని అతని ఒంటికి తెలుసు. అందుకే నల్లరాయి ముక్కను ఎర్రగా కాల్చి, చన్నీళ్లు గుమ్మరించి, అది పగిలి అరిచిన అరుపునే రెండుసార్లూ పట్టి ఇచ్చాడు.

"నిజంగ పగులుతది మేడం, నేను చూసిన," అన్నాడు.

"పగులుతుందండీ, నేను కాదనట్లేదు. కానీ నిప్పు అన్నిటినీ చంపేస్తే మిగతా మృగాలను ఎవరు ఎంచుకుంటారు? ప్రతి బలానికీ ఎదురు నిలిచేది ఒకటి ఉండాలి. లేకపోతే ఆట నిలబడదు."

ఆ లెక్క వడ్రంగికి తెలియనిది కాదు. ఒక కాలు పొట్టిదైన బల్ల ఎంత మంచి చెక్కతో చేసినా కుంటుతుంది. ఆమెదీ అలాంటి పనే.

భోజనాల వేళ బోరబండలో ఇంటికి ఫోన్ చేశాడు.

"నాయినా, నిప్పు పెట్టినా రాయి పగలకుంటే ఎట్ల సప్పుడైతది?"

"పగలకెందుకుంటది బిడ్డా? పోయి నా దవడను అడుగు." ఐలయ్య మాట ఒక పక్క నుంచి జారుతూ వస్తుంది.

"ఆటల పగలదు నాయినా. గదే రూలు."

"గసుంటి ఆట ఎవడు ఆడుతడురా!" ముసలాయన నవ్వి దగ్గాడు. "తొందరపడి, సరిగ్గ కాలకముందే కొట్టినవనుకో, రాయి కిక్కురుమనది. సమ్మెట ఎగిరొచ్చి కొట్టినోన్నే కొడ్తది. ఒర్లేది మనిషే."

రవీందర్ సగం అన్నం వదిలేసి లేచాడు.

ఇసక మీద చల్లటి నల్లరాయి పలకను పరిచాడు. ఇంతవరకూ రాయి దగ్గర పెట్టిన మైకును తీసి తన గొంతు దగ్గర బిగించాడు. సమ్మెట ఎత్తి కొట్టాడు. రాయి ఏమీ అనలేదు. మణికట్టు జివ్వుమంది. మళ్లీ కొట్టాడు. బొటనవేలి పక్క చర్మం చిట్లి పిడి తడిసింది.

"రవీందర్ గారూ, నెత్తురు! ఆపండి!"

"ఆపకు మేడం, రికార్డు ఆపకు."

మూడో దెబ్బకు ఉన్న బలమంతా పెట్టాడు. సమ్మెట ఎగిరొచ్చి భుజం ఎముకను గుద్దింది. పళ్ల కింద నాలుక నలిగింది. గుక్క తెగి "హక్" అన్నాడు. అంతే, అదే కావలసింది.

ముందు టార్పాలిన్‌ను మైకు ముఖాన విదిలించి మంట ఎగసిన చప్పుడు పట్టాడు. దాన్ని మధ్యలో కత్తిరించి, వెనకే సమ్మెట తిరుగుదెబ్బ పెట్టాడు. ఆఖరున తన గొంతును సాగదీసి, గీరి, తొండ గొంతు చేశాడు. తాబేలుకు ఏ చప్పుడూ పెట్టలేదు.

కుర్రాళ్లను మళ్లీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. హర్షిణి బటన్ నొక్కింది. భాస్కర్ అనేవాడు కళ్లు తెరవకుండానే భుజం తడుముకున్నాడు.

"ఎవరికి తగిలింది?" అంది హర్షిణి.

"కొట్టినోనికే తగిలింది మేడం. తాబేలు జర కూడ కదల్లే." అప్పుడు వెనక్కి తిరిగాడు. "రవన్నా, నీ తొండను దవాఖానల పడెయ్యాలె!" రవీందర్ చెయ్యి చూసి వాడి నవ్వు ఆగిపోయింది. "అయ్యో, నిన్నే పడెయ్యాలె."

మిగతావాళ్లూ అదే మాట చెప్పారు.

రవీందర్ నోట్లో ఊరిన నెత్తురు సింకులో ఉమ్మి వచ్చాడు. కుడిచేయి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే కొట్టి ఫైలుకు పేరు పెట్టి పంపాడు. హర్షిణి దాన్ని ఆటలో ఎక్కించి, తొండతో తాబేలును ఒకసారి కొట్టించి చూసి, "అందింది," అంది.