మేడమ్ గారి కమాండ్ల పుస్తకం

మొన్న మా అమ్మాయి స్కూలు పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. గోధుమరంగు కాగితం మడతపెట్టగానే వచ్చే ఆ పొడి వాసన ముక్కుకు తగిలి చేతిలో కత్తెర ఆగిపోయింది. రాజమండ్రి దానవాయిపేటలో మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు, అందులో బల్ల మీద అదే కాగితం అట్ట వేసిన లావుపాటి నోటు పుస్తకం కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పుస్తకం రాజ్యలక్ష్మి మేడమ్ గారిది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే.

మేడమ్ అంతకుముందు స్కూల్లో లెక్కల టీచరు. నలభై దాటాక లావుపాటి పుస్తకాలు కొనుక్కుని, తనంతట తానే వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నారు. ఇంటర్నెట్ ఫోను లైను మీద వచ్చీపోయే రోజులవి, అవసరానికి వెతుక్కుందామంటే కుదిరేది కాదు. అందుకని సర్వర్లోకి ఎలా వెళ్ళాలి, ఫైళ్ళు ఎలా పంపాలి, సగం నింపిన ఫారాన్ని ఆపే నాలుగు లైన్ల కోడు ఏమిటి, అన్నీ ఆ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేవి. ఆవిడ దగ్గర పనిచేసే మేం ఎక్కడో చదివిన కొత్త కమాండు పట్టుకుని గంతులేసుకుంటూ వెళితే, "నీ చేత్తో చేశావా? చేస్తే ఏమైంది? అది చెప్పు, అప్పుడు రాద్దాం" అనేవారు. దానికి మేం చాటుగా మడి పుస్తకం అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

కడియంలో నర్సరీ ఉన్న సత్యనారాయణ గారికి అప్పుడు ఒక సైటు నడుపుతున్నాం. ఆయన ఏడాది పొడుగునా ఏ మొక్క పూస్తే దాన్ని ఫోటో తీసి, మేడమ్ చేసిచ్చిన పేజీలోంచి తానే ఎక్కించేవారు. ఎక్కించగానే కెమెరాలోవి చెరిపేసేవారు. ఒక మధ్యాహ్నం, ప్రయత్నానికని పెట్టిన పాత ఫోటోల ఫోల్డరు తీసెయ్యమని మేడమ్ నాకు చెప్పారు. పుస్తకం తెరిచాను. ఆ పేజీలో రెండు వరసలున్నాయి. మొదటిది pwd, అంటే మనం ఏ ఫోల్డర్లో ఉన్నామో అడగడం. రెండోది rm -rf, మారు మాట్లాడకుండా మొత్తం తుడిచెయ్యడం. నేనెక్కడున్నానో నాకు తెలీదా ఏంటి అనుకుని మొదటిది వదిలేశాను. తీరా చూస్తే నేనున్నది అసలు సైట్లో. ఏడాది పువ్వులు రెప్పపాటులో పోయాయి.

"సర్వర్ పడిపోయిందని చెబుదాం మేడమ్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పడింది సర్వర్ కాదు కదమ్మా" అన్నారు. అరవలేదు. నేను టైపు చేసింది చేసినట్టు కాగితం మీద రాయించి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. తర్వాత కడియానికి ఫోను కలిపి రిసీవరు నా చేతికిచ్చారు. "ముందు నువ్వు చెప్పు."

చెప్పాను. "బ్రహ్మకమలం కూడా పోయిందా అమ్మాయీ? అది ఏడాదికోసారి పూసేది" అన్నారు సత్యనారాయణ గారు. ఆ గొంతు వింటుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మేడమ్ ఫోను అందుకున్నారు. "నిన్న మీరు సైట్లో పేజీలు దాదాపు అన్నీ చూశానన్నారు కదండీ? ఆ కంప్యూటర్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. వచ్చేస్తున్నామండి."

ఆవిడ స్కూటరు మీదే కడియం వెళ్ళాం. మనం చూసిన బొమ్మల్ని బ్రౌజరు కొన్నాళ్ళు తన దగ్గరే దాచుకుంటుందట. మేడమ్ ఆ దాచుకునే చోటు వెతికి తెరిచారు. మందారం వచ్చింది, నూరువరహాలు వచ్చాయి, బ్రహ్మకమలం వచ్చింది. సత్యనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడి చూశారు. అంత అద్భుతం నేను మళ్ళీ చూడలేదు. ఆయన తెరవని ఒక్క పేజీలోని గులాబీలు మాత్రం దొరకలేదు. "గులాబీలకేముందండీ, మళ్ళీ పూస్తాయి" అన్నారాయన.

తిరిగి వస్తూ, ఇదంతా మీకెలా తెలుసు మేడమ్ అని అడిగాను. "ఆ పేజీ వెనక చూడలేదా?" అన్నారు.

ఆఫీసుకు వచ్చి తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాల్లో ఆవిడ రాత: "కాలేజీ సైటు. ఎక్కడున్నానో చూసుకోలేదు. మొత్తం తుడిచేశాను. ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్లో సగం పేజీలు దొరికాయి. వెళ్ళి చెప్పాను." గబగబా మిగతా పేజీలు తిప్పాను. ప్రతి పేజీ వెనకా ఏదో ఒకటి చెడిపోయి ఉంది. అన్నీ తెలిసిన మనిషి రాసుకున్న పుస్తకం అనుకున్నాను ఇన్నాళ్ళూ. మేడమ్ పెన్ను నా చేతిలో పెట్టి, "నాదాని కిందే రాయి" అన్నారు. ఆవిడ తప్పు కింద నా తప్పు రాసుకున్నాను. సిగ్గనిపించలేదు.

ఇప్పుడు ఏ కమాండు కావాలన్నా క్షణంలో తెర మీద దొరుకుతుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిలో సగం పాతబడిపోయాయి కూడా. ఒకటి మాత్రం పాతబడలేదు. నా చేతుల్లో ఏదైనా పాడైతే, అది ఎవరిదో ముందు వాళ్ళకే ఫోను చేస్తాను. ఇన్నేళ్ళొచ్చినా అవతల ఫోను మోగుతున్నంతసేపూ పెట్టెయ్యాలనే అనిపిస్తుంది. అయినా పెట్టెయ్యను.