ఓడ టికెట్టు మీద అమ్మ పేరు

మా చర్చి వాళ్ళం బొంబాయి నుంచి మూడు రోజుల ఓడ ప్రయాణం చేసి వచ్చినప్పటినుంచి మా ఇంటికి సలహాల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. జగిత్యాల చర్చి వాళ్ళు వచ్చే ఏడు వెళ్తారట. "అక్కా, ఓడల బాత్రూం ఉంటదా?" అని ఒకరు. "మస్తు ఊగుతదట, నిజమేనా?" అని ఇంకొకరు. బాత్రూం ఉంటుంది. ఊగుతుంది కూడా, అయినా ఎవరూ సముద్రంలో పడిపోరు. క్రైస్తవుల యాత్ర అంటే ఓడంతా క్రైస్తవులే ఉంటారని మాత్రం అనుకోవద్దు. అది మామూలు ఓడే. పై అంతస్తులో మన ఆరాధన జరుగుతుంటే కింది అంతస్తులో బార్ నడుస్తుంది. మా పాస్టరు గారు మొదటిరోజు ఆ బార్ ముందే నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. వెనకవాళ్ళు దారి అడుగుతున్నా కళ్ళు తెరవలేదు.

ఇవన్నీ చిన్న విషయాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది పేరు గురించి. అది చెబితే ఒక్కరూ వినరు, మళ్ళీ బాత్రూం దగ్గరికే వస్తారు.

నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. ఇంగ్లీషు ఫారాలు నింపడం వచ్చన్న పాపానికి నన్ను లీడర్‌ని చేశారు. "నువ్వు సదువుకున్నదానివి తల్లీ, అందరి కాయితాలు నువ్వే సూసుకోవాలె" అన్నారు పాస్టరు గారు. సరేనన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మా వాళ్ళలో చాలామందికి రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది ఒకటి, బాప్తిస్మంలో తీసుకున్నది ఒకటి. చర్చిలో రెండోదే వాడతారు. ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకులో మొదటిదే ఉంటుంది. ఎందుకు మార్చుకోలేదంటే ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. పాస్టరు గారు మాత్రం చర్చి రిజిస్టరు ముందు పెట్టుకుని ఓడ కంపెనీకి జాబితా రాసేశారు. ఆధార్ ప్రకారం రాయాలయ్యా అంటే, "దేవుని పుస్తకంల ఉన్న పేరే అసలు పేరు గదమ్మా" అన్నారు. దేవుడి దగ్గర చెల్లుతుంది, ఓడ దగ్గర చెల్లదని ఆయనకు చెప్పేసరికి నా గొంతు పోయింది.

చివరికి నేనే ఇల్లిల్లూ తిరిగాను. అక్కడ పనిచేసే మావాళ్ళ కోసం సిరిసిల్లకు రెండుసార్లు బస్సులో పోయి, సాంచాలు, అదే మరమగ్గాలు, ఆ చప్పుడులో అరుస్తూ ఒక్కొక్కరి ఆధార్ జిరాక్సు తీసుకున్నాను. ఒకామె బియ్యం డబ్బా అడుగునుంచి తీసి ఇచ్చింది. ఒకాయన తనదానికి బదులు భార్యది ఇచ్చి, "ఇద్దరం ఒక్కటే గదా" అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ముప్ఫై మంది పేర్లు దిద్దాను. అమ్మది ఒక్కటే చూడలేదు. అడిగితే "నాది అయ్యగారికే ఇచ్చిన, నువ్వు పరేషాన్ గాకు" అంది. అయ్యగారంటే పాస్టరు గారే. సొంత అమ్మే కదా అని నమ్మాను.

బొంబాయి బస్సులో ఎక్కించిన సామాన్ల సంగతి చెప్పను. కరెంటు కుక్కరూ బియ్యమూ మామిడి తొక్కు పచ్చడీ అన్నీ రేవులో తనిఖీ దగ్గరే దిగిపోయాయి. వాటికోసం ఏడ్చినవాళ్ళను ఓదార్చి, ఒక్కొక్కరినే కౌంటర్ దాటించి లోపలికి పంపాను. ఆఖరున అమ్మ వంతు వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి టికెట్టు కాగితాన్నీ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. టికెట్టు మీద అమ్మ బాప్తిస్మం పేరుంది. ఆధార్‌లో పాత పేరుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏందవ్వా గిది? లోకంల అందరియి దిద్దిన, నీదే గిట్లనా?" అని అరిచాను. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

ఆ పాత పేరు ఇక్కడ రాయను. అమ్మ కంటే ముందు మా అమ్మమ్మకు పుట్టిన ముగ్గురు పిల్లలు దక్కలేదు. అలాంటి ఇళ్ళలో తర్వాత పుట్టిన బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని, చావుకు కూడా అసహ్యం పుట్టాలని ఆ పెంట పేరే పెట్టేవాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళు కథలాపూర్ వైపు ఒక పటేలు పొలంలో కూలి చేసేవాళ్ళు. పటేలు ఇంట్లో పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా ఆ పేరుకు 'ఒసేయ్' తగిలించి అమ్మను పిలిచేవాళ్ళట. పెళ్ళయ్యాక, కెనాల్‌కు నీళ్ళు వదిలిన వారం, అమ్మ అందులో బాప్తిస్మం తీసుకుని కొత్త పేరుతో ఒడ్డెక్కింది.

కౌంటర్ అమ్మాయి మంచిదే. రెండు పేర్లూ ఒకే మనిషివని రాసిస్తే చాలని, ఆధార్ పేరుతో కొత్త టికెట్టు ఇస్తామని హిందీలో చెప్పింది. ఓడలో మెడలో వేసుకునే కార్డు మీద కూడా ఆ పేరే ఉంటుందట.

"గా పేరు మెడల ఏసుకోని మూడు దినాలు తిరుగాల్నా? నేను రాను. మీరు పోండ్రి" అని అమ్మ బ్యాగు మీద కూర్చుంది.

గేటు అవతలనుంచి పాస్టరు గారు, "పేరుదేముంది సిస్టర్, దేవుడు మనసు సూస్తడు" అన్నారు. మొన్న చర్చి పేరే అసలు పేరన్న మనిషి ఈయనే!

"మూడు దినాలకేమైతదే? పేరు కోసం ఇంత దూరమచ్చి ఎనుకకు పోతమా?" అన్నాను.

"నీకేం బిడ్డా, నీ పేరు నేను ఏరుకోని పెట్టిన" అంది అమ్మ. "ఆధార్ల నా పేరు మార్పియ్యమని నిన్నెన్నిసార్లు అడిగిన? పింఛన్ ఆగుతదంటివి. సెలవులల్ల సూద్దామంటివి. గీ టికెట్టు మీదనన్న నా పేరు అచ్చయితదని అయ్యగారికి జెప్పి రాపిచ్చుకున్న. ఓడ కోసం రాలేదే నేను."

అడిగింది, నిజమే. గెజిట్ కావాలి, బీడీ కార్మికుల పింఛన్ ఆగుతుంది, బ్యాంకులో మళ్ళీ రాయాలి అని విసుక్కున్నాను. ఊళ్ళోవాళ్ళ పేర్లు దిద్దడానికి సిరిసిల్ల దాకా పోయినదాన్ని. సిగ్గేసింది. నా మెడలోని ఓడ కార్డు తీసి చేత్తో పట్టుకుని, "లే, ఇద్దరం ఇంటికే పోదాం" అన్నాను.

అమ్మ గేటు వైపు చూసింది. అవతల మావాళ్ళు ఎటు పోవాలో తెలియక గుంపుగా నిలబడి ఉన్నారు.

"నువ్వు పోకపోతే గీళ్ళంత ఆగమైతరు" అని లేచింది.

కౌంటర్ అమ్మాయి ఫారం మీద ఆధార్ పేరుతో సంతకం చేయమంది. అమ్మకు బైబిలు చదవడం కోసం నేర్చుకున్న అక్షరాలున్నాయి, వాటితో కొత్త పేరు చక్కగా రాస్తుంది. పాత పేరు రాయడం ఎప్పుడూ నేర్చుకోలేదు. ఇంకు డబ్బా తెప్పించి వేలిముద్ర వేయించారు.

పని అయిపోయాక ఆ అమ్మాయి పాత టికెట్టు చింపబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది చింపకు బిడ్డా. గది నాది."

ఓడలో ఉన్న మూడు రోజులూ కార్డును జాకెట్టులో దోపుకుని తిరిగింది. ఆ టికెట్టు ఇప్పుడు ఆమె బైబిల్లో ఉంది. ఆధార్ సెంటర్ మా బడి పక్క వీధిలోనే ఉంది. ఎండాకాలం సెలవులు వచ్చాయి, పోయాయి. నేను ఆమెను ఇంకా తీసుకుపోలేదు.