వాట్‌గంజ్‌లో ఉండిపోవాలని వచ్చిన ఓక్‌సూన్

"ఓక్‌సూన్ ఉండిపోడానికే ఒచ్చింది. నువ్వొచ్చి ఆ కాగితాలేటో సూడు" అని మా అప్ప దయామణి ఫోన్ చేయడంతో నా కలకత్తా ప్రయాణం మొదలైంది. మా వైపు అక్కను అప్ప అంటాం. అప్ప, ఓక్‌సూన్ సౌదీలో ఒకే ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళు నర్సులు. హాస్టల్లో గది కూడా ఒకటే. రిటైరయ్యాక అప్ప, మా నాన్న డాక్ కూలీగా బతికిన కలకత్తా రేవు పక్క వాట్‌గంజ్‌కు వచ్చేసింది. ఓక్‌సూన్ తన దేశం కొరియా వెళ్ళిపోయింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు.

పలాసలో ఉదయం తొమ్మిదింటికి బండెక్కాను. ఎదుటి సీట్లో హౌరా దగ్గరి టికియాపారా రైల్వే క్వార్టర్లకు వెళ్తున్న ఒక పెద్దావిడ. ఏం పని మీద వెళ్తున్నానో అడిగి అంతా విన్నది. "సొంత మనుసులే మూడో రోజుకి ఎప్పుడెల్తావని అడుగుతారు. ఈవిడెవరమ్మా, ఉండిపోతాననీసి అంత దూరం ఒచ్చింది" అంది. నేను తెచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం. ఆరు దాటాక హౌరాలో దిగి ఖిదిర్‌పూర్ బస్సు పట్టుకున్నాను.

అప్పవి మేడ మీద రెండు గదులు. తలుపు తీసింది ఓక్‌సూనే. అప్ప దగ్గర నేర్చిన తెలుగు కాబట్టి "ఏటి, బాగున్నావా?" అంది. కొరియా వాళ్ళు ముందుగా వీసా తీసుకోకపోయినా కలకత్తా విమానాశ్రయంలో దిగి అరవై రోజులకు తీసుకోవచ్చు. ఆమె అలాగే వచ్చింది. బూసాన్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను తమ్ముడింట్లో పెట్టి మరీ వచ్చింది. అప్పటికే నలభై ఆరు రోజులు గడిచాయి.

మర్నాడు పదింటికి ముగ్గురం విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్ళాం. పన్నెండున్నరకు పిలిచారు. అధికారి మర్యాదస్తుడు. భర్త భారతీయుడా, ఇక్కడ ఉద్యోగముందా, చదువుకుంటారా అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ లేదనే చెప్పింది. స్నేహితురాలి దగ్గర ఉండిపోవడానికంటూ వీసా లేదని, చేతిలో ఉన్నది పొడిగించడం కుదరదని చెప్పాడు. వెనక్కి వెళ్ళి ఐదేళ్ళ ఈ-టూరిస్టు వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. దాని మీద ఒక్కోసారికి తొంభై రోజులు, ఏడాది మొత్తానికి నూటఎనభై. మాకు చెప్పింది ఇది. నిబంధనలు మారుతుంటాయి కనుక బయల్దేరేవాళ్ళు ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూసుకోవాలి.

బయట జిరాక్సు కొట్టు దగ్గర ఒక బ్రోకరు పట్టుకున్నాడు. ఏదో నర్సింగ్ హోంలో ఉద్యోగమిచ్చినట్టు ఉత్తరం పుట్టిస్తానన్నాడు. అప్ప తటపటాయించింది. ఓక్‌సూన్ ఆమె మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసింది.

ఆ మధ్యాహ్నం అప్ప అన్నం ముట్టలేదు. "అరవైయారేళ్ళు నీకు. ఏడాదికి రెండు పాలీలు ఇమానం ఎక్కుతావా? మీ తమ్ముడి కాడే ఉండిపో" అంది.

ఓక్‌సూన్ కంచం ఆమె ముందుకు జరిపింది. "తొంభై రోజులుంటాను. ఎల్తాను. మళ్ళీ ఒస్తాను. మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళూ ఒస్తాను" అంది. గొంతు పెంచలేదు. అప్ప చివరికి కంచంలో చెయ్యి పెట్టింది.

తెల్లారి లేచేసరికి అప్ప ట్రంకుపెట్టె తెరిచి నేల మీద కూర్చుని ఉంది. చేతిలో గడువు తీరిన తన పాస్‌పోర్టు.

"దానికొక్కదానికేనా మోకాళ్ళు? మిగిలిన ఆరు నెలల్లో ఒకపాలి నానెల్తాను" అంది.

కొరియాలో దిగి వీసా తీసుకునే వీలు మనవాళ్ళకు లేదు. ఆహ్వానపత్రం, బ్యాంకు కాగితాలు పెట్టి ఇక్కడే ముందుగా తెచ్చుకోవాలి. అప్ప అవన్నీ నాచేత ఓపిగ్గా రాయించుకుని, ముందు పాస్‌పోర్టు రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టించింది.

నేనొచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం ఓక్‌సూన్‌ను విమానాశ్రయంలో దింపాం. గేటు దగ్గర అప్ప ఆమె సంచీ విప్పి బీపీ మాత్రలు సరిపడా ఉన్నాయో లేదో లెక్క చూసింది. ఓక్‌సూన్ అప్ప సంచీ తీసుకుని అదే పని చేసింది. ఇద్దరి కళ్ళూ పొడిగానే ఉన్నాయి. టాక్సీలో నేనొక్కదాన్నే ముక్కు తుడుచుకున్నాను.

మర్నాడు ఎనిమిదిన్నర బండికి తిరిగొచ్చాను. ఎలాగో నచ్చజెప్పి ఇద్దరినీ విడదీయాల్సి వస్తుందేమోనని భయపడుతూ వెళ్ళినదాన్ని. ఎవరికీ ఏమీ నచ్చజెప్పలేదు. ఫారాలు చదివిపెట్టాను, అంతే. చిల్కా పక్క నుంచి పోతుండగా అప్ప ఫోన్ చేసింది.

"దిగిందంట. ఇంకా తమ్ముడింటికి ఎల్లలేదు. ఎయిర్‌పోర్టులోనే కూసుని వీసా ఫారం నింపతంది. ఇండియాలో ఎవరింట్లో ఉంటావంటే మన ఇంటి అడ్రసు రాసిందంట."

నీ సంగతేమిటని అడగబోయాను. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి పోలీసాయన వచ్చి కింద పిలుస్తున్నాడని ఫోన్ పెట్టేసింది.