పిన్నీసుల వీరేంద్ర

రాయపూర్ రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో వీరేంద్ర అంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడు. ఫోర్‌మన్ ఎంత తిట్టినా తలొంచుకుని నట్లు బిగించుకుంటాడు. ఆదివారం వస్తే మాత్రం మిగిలిన నాలుగు వెంట్రుకలకీ జిగురు రాసి ముళ్ళపందిలా నిక్కబెడతాడు. తల్లి చిన్నమ్మ చీర పిన్నీసులన్నీ చిరుగుల చొక్కాకి గుచ్చుకుని, ఊళ్ళోని పండరీ బజారులో ఒక బట్టల గోడౌన్‌కి పోతాడు. 'కబాడ్', అంటే పాత తుక్కు, అనే అతని పంక్ బ్యాండు రెండువేల రెండు నుంచీ ఆ బేళ్ళ మధ్యే అరుస్తోంది. ఇన్నేళ్ళలో వినేవాళ్ళు నలభైమందికి మించలేదు, పెరిగింది అతని బట్టతల ఒక్కటే. పాటలన్నీ తెలుగులోనే కడతాడు, తిట్లు రాయపూర్‌లో ఎవరికీ అర్థం కావని ధైర్యం. పిన్నీసులు పోకుండా చూసుకోడానికి చిన్నమ్మ ప్రతిసారీ వచ్చి ముందు కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడకి చెవుడని అతని ధీమా. ఇంట్లో ఆవిడ ముందు 'ఛీ' అని కూడా అనడు.

బ్యాండుకి ఇరవయ్యేళ్ళు నిండిన పండగనాడు, ఫోర్‌మన్‌ని తిట్టే పాట మధ్యలో అతనికి చరణం గుర్తురాలేదు. గిటారు వాయించే ధనుంజయ్ అదే ముక్కని నాలుగుసార్లు తిప్పాడు. వీరేంద్ర చెమటలు కక్కుతూ మైకు నములుతున్నాడు.

"ఫోర్‌మనూ, నీ పాడె కట్టా! అని కదరా, సన్నాసీ?" అని ముందు కుర్చీలోంచి చిన్నమ్మ కేకేసింది. "ఇరవయ్యేళ్ళుగా నువ్వు స్నానాలగదిలో పాడతంటే వింటన్నాను!"

డ్రమ్ములు ఆగిపోయాయి. వీరేంద్ర నిక్కబెట్టిన జుట్టుని చేత్తో అణిచేసుకున్నాడు. తల్లికేసి ఒకసారి చూసి, తలొంచుకుని, చాలా మెల్లగా పాడాడు:

"ఫోర్‌మన్ గారూ, మీ పాడె కట్టా..."