ఒక్క పూట డాక్టర్లు

మా బావ మందుల కంపెనీలో మెడికల్ రెప్పు. ఆయన మా అక్కను చేసుకున్న రోజు నుంచీ మా ఇంట్లో ఎవరూ డబ్బు పెట్టి మందు కొన్న పాపాన పోలేదు. తలనొప్పంటే బావ బ్యాగు, జలుబంటే బావ బ్యాగు. అందులో ఎప్పుడూ డాక్టర్లకు ఊరికే పంచే శాంపిల్ మందులుండేవి. అందుకే ఆయనకు శాంపిల్ బావ అని పేరు పెట్టాను.

మనిషి మంచివాడే. కానీ డాక్టరు కనిపిస్తే చాలు, నడుము దానంతటదే వంగిపోతుంది. ఆస్పత్రి వరండాలో రోగులందరూ అయిపోయేదాకా టై సర్దుకుంటూ నిలబడతాడు. ఏ డాక్టరు కూతురి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరింట్లో ఏసీ చెడిపోయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మా అక్క పుట్టినరోజు మాత్రం నేను గుర్తు చేయాలి. ఇదేం ఉద్యోగమో, నాకైతే ఒళ్ళు మండేది.

ఈ ఉద్యోగంలో ఒక పెద్ద తంతు ఉంది. కంపెనీవాళ్ళు పేరున్న స్పెషలిస్టు చేత హోటల్లో ఉపన్యాసం ఇప్పిస్తారు. వాళ్ళ మాత్ర ఎంత గొప్పదో ఆయన మిగతా డాక్టర్లకు చెప్పాలి. చెప్పినందుకు ఆయనకో కవరు, విన్నందుకు వాళ్ళకో భోజనం. ఆ కవరు అందుకున్న చెయ్యి మర్నాడు చీటీ మీద ఏ మందు రాస్తుందో వేరే చెప్పాలా? హాలు నింపి ఫోటో తీయించడం బావ పని. వరుసగా రెండు మీటింగుల్లో ఉపన్యాసం కుర్చీలే విన్నాయి. మూడోసారి కూడా ఇంతే అయితే బ్యాగు టేబుల్ మీద పెట్టి ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు. అక్కకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

ఆ మూడోసారి కడుపు డాక్టరు గారి ఉపన్యాసం, గ్యాస్ మాత్ర గురించి. సరిగ్గా ఆ సాయంత్రమే ఇంకో కంపెనీ ఊళ్ళో డాక్టర్లందరినీ ఇంకా పెద్ద హోటలుకు పిలిచింది. మధ్యాహ్నానికల్లా ఒక్కొక్కరే రాలేమని ఫోన్లు చేశారు. బావ మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, మీరే కాపాడాలి. అందరూ వచ్చి డాక్టర్లలా కూర్చోండి చాలు."

"మాకేం తెలుసు బాబూ?" అంది అమ్మ.

"తెలియక్కర్లేదు. తలూపుతూ ఉండండి. వాళ్ళు చేసేదీ అదే."

అమ్మ అసలు భయం వేరు. కడుపు మంటకు రెండేళ్ళుగా ఆమె చూపించుకుంటున్నది ఆ డాక్టరు గారికే! ఆయన గుర్తుపట్టాడంటే అల్లుడి ఉద్యోగం గోవిందా. అందుకని నా కళ్ళద్దాలు లాక్కుని పెట్టుకుంది. దాంతో ఆమెకూ అంతా మసకే, నాకూ అంతా మసకే.

నాన్న సంగతి సరేసరి. పక్కింట్లో ఉండే కాలేజీ ల్యాబు మాస్టారి తెల్లకోటు అడిగి తెచ్చుకుని, అది తొడుక్కుని హోటలు ముందు దిగాడు.

"మామయ్యా! భోజనానికొచ్చే డాక్టర్లు కోట్లు వేసుకోరు!" బావ ఏడుపు మొహం పెట్టాడు.

"మరి నేను డాక్టర్నని ఎలా తెలుస్తుంది?" అంటూ నాన్న కోటు విప్పడే! చివరికి అక్కే దాన్ని లాగేసి కుర్చీ కింద కుక్కింది.

మేమూ ఇరుగుపొరుగూ కలిసి ముందు వరుసలు నింపాం. తీరా చూస్తే వెనక వరుసల్లో ఎవరో తెలియనివాళ్ళు కూర్చుని ఉన్నారు. వీళ్ళెవరో నిజం డాక్టర్లు కాబోలని నాకు చెమటలు పట్టాయి. అందులో ఒకావిడ ముందుకు వంగి "మీది ఏ ఆస్పత్రి?" అంది. "పెద్దది," అన్నాను. "మాదీ పెద్దదే," అని ఆవిడ గబుక్కున మొహం తిప్పేసుకుంది.

డాక్టరు గారు మేనేజరుతో కలిసి వచ్చాడు. అందరికీ దండం పెట్టి అమ్మ దగ్గర ఆగాడు. "మేడమ్, మిమ్మల్ని ఏదో కాన్ఫరెన్సులో చూసినట్టుంది," అన్నాడు. గుర్తుపట్టనందుకు సంతోషించాల్సింది పోయి, మా అమ్మ మూతి ముడుచుకుంది.

ఉపన్యాసం అయ్యాక సందేహాలుంటే అడగమన్నాడు. వద్దు వద్దని బావ గోడ దగ్గర్నుంచి చేతులు ఊపుతూనే ఉన్నాడు. అమ్మ లేచింది.

"నా దగ్గరికి ఒకావిడ వస్తోంది డాక్టరు గారూ. రెండేళ్ళుగా ఈ మాత్రే మింగుతోంది. మంట తగ్గట్లేదు."

ఆయన కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ వేళకు తింటుందా, నిద్ర పడుతుందా, ఇంట్లో దిగులేమైనా ఉందా, అన్నీ అడిగాడు. అమ్మ చెబుతున్నంతసేపూ చెవి ఒగ్గి విన్నాడు. చివర్లో మేనేజరుకు వినపడకూడదని గొంతు తగ్గించాడు గానీ, చొక్కాకు పెట్టుకున్న మైకు సంగతి మర్చిపోయాడు.

"మనలో మన మాట మేడమ్. ఆవిడకు ఈ మాత్ర అక్కర్లేదు. ఏ బుద్ధిలేనివాడు రాశాడో గానీ, ఆపించెయ్యండి."

హాలంతా మోగింది.

"మీరే రాశారు!" అంది అమ్మ, కళ్ళద్దాలు తీసేసి.

బావ గోడకు చేరగిలబడ్డాడు. ఇంక కొంప మునిగిందని నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. అంతలో వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"నాకూ ఇదే రాశారు కదండీ, నేనూ ఆపెయ్యనా? ఏం అల్లుడూ, మాట్లాడవేం?" అని నేరుగా మేనేజరునే అడిగాడు.

మేనేజరు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. వెనక వరుసలన్నీ ఆయన అత్తారివాళ్ళేనట! నన్ను ఆస్పత్రి పేరడిగినావిడ ఆయన భార్యట. హాలు నిండకపోతే ఇంటికి పొమ్మని ఆయన్నీ పైవాళ్ళు బెదిరించారట.

డాక్టరు గారు లేచి అరిచాడు. "ఈ హాల్లో డాక్టరనేవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"మీరొకరున్నారనుకునే వచ్చాం బాబూ," అంది అమ్మ.

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. కవరు మాత్రం మర్చిపోలేదు. మేనేజరు బావను పక్కకు పిలిచి, "ఫోటో నేను పంపేస్తాలే. ఎవరితోనూ అనకు. రేపు మామూలుగానే డ్యూటీకి రా," అన్నాడు. బావ అక్క భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూసి నాకూ ఏడుపొచ్చింది. ఒళ్ళు మండే ఉద్యోగమైనా ఉద్యోగమే కదా! భోజనం మాత్రం వదల్లేదు లెండి, రెండు కుటుంబాలూ కలిసి శుభ్రంగా తిన్నాం.

ఇంటికొస్తుంటే దారిలో బావ తల దించుకుని అన్నాడు.

"నన్ను క్షమించండి అత్తయ్యా. మీకు ఆ మాత్ర రాయించింది నేనే. ఆయనకు మొదటి కవరు ఇచ్చింది ఈ చేత్తోనే."

అమ్మ నా కళ్ళద్దాలు తుడిచి నాకిచ్చేసింది.

"పోనీలే బాబూ," అంది. "రెండేళ్ళుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాను. నా మొహం చూసి మాట్లాడింది ఇవాళే."